ముందు దండె మీద పందెం

మా మామగారి కుడిభుజం మీద నిమ్మకాయంత కాయ ఒకటి ఉండేది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, ఆయన చొక్కా లేకుండా అన్నానికి కూర్చున్నప్పుడు చూసి, గడ్డ లేచిందేమోనని భయపడి మా అత్తను అడిగాను. "గడ్డ గాదులేమ్మా, అది స్వామి" అంది ఆమె చారు పోస్తూ.

చిత్తూరులో మా వీధి చివర చిన్న పెరుమాళ్ళ గుడి ఉండేది. ఏటా ఎండలు ముదరకముందే ఉత్సవాలు జరిగేవి. స్వామివారి వాహనాన్ని మోసేది మా వీధిలో బెల్లం మండీలున్న ఇళ్ళ మగవాళ్ళే. కూలికి ఎవరినీ పిలిచేవారు కాదు. వాహనం కింద రెండు పొడుగాటి కొయ్యలుంటాయి. వాటిని దండెలంటారు. కుడి దండెకు ముందు కొసన భుజం పెట్టేవాడే అందరికీ పెద్ద. అతని అడుగును బట్టి వెనకవాళ్ళ అడుగు. అతను ఆగితే వాహనం ఆగుతుంది. "గోవిందా" అని మొదట పలికేదీ అతనే, వెనకవాళ్ళు అందుకుంటారు. ఆ చోటు మా మామగారిది. అంతకుముందు వాళ్ళ నాయనది.

నేను బడికి పోలేదు. సత్యవేడు దగ్గర మా పుట్టింట్లో మా నాయనే పాత పేపర్లూ, పంచాంగమూ ముందుపెట్టి నాకు అక్షరాలు నేర్పాడు. ఆడపిల్లకు చదువెందుకని ఇరుగుపొరుగు అడిగితే, ఎప్పుడో ఒకప్పుడు ఎవరికో ఒకరికి చదివి పెడుతుందిలే అనేవాడట. ఆయన మాట దేవుడు విన్నాడు. అత్తవారింట్లో పేపరు చదివిపెట్టే పని నాకే వచ్చింది. మామకు చత్వారం. దూరాన ఉన్నది బాగా కనిపించేది కానీ అచ్చు కనిపించేది కాదు, కళ్ళద్దాలు పెట్టుకుంటే తలనొప్పి అనేవాడు. మధ్యాహ్నం మండీ నుంచి వచ్చి, భోంచేసి, వసారాలో చాప మీద నడుం వాల్చి "ఏం రాసినాడమ్మా ఈ పొద్దు?" అనేవాడు. ముందు బెల్లం ధర, తర్వాత వానల సంగతి, చివరికి ఆటల పేజీ. ఆటల పేజీ మా ఆయన కోసం. తను చదువుకోగలడు, కానీ నేను చదువుతుంటే వినడం ఇష్టమనేవాడు.

ఆ రోజుల్లో ప్రపంచ హెవీవెయిట్ బాక్సింగ్ చాంపియన్ ఒకాయన ఉండేవాడు. పేరు రాయనక్కర్లేదు, పేపరు వచ్చే ఇళ్ళన్నిటికీ తెలిసిన పేరే. మా ఆయన మద్రాసులో సినిమాకు ముందు వేసే వార్తల రీలులో ఒకసారి ఆయన్ను చూశాడట. అంత పెద్ద మనిషి నీళ్ళ మీద ఆకు తేలినట్టు తేలుతున్నాడని వచ్చి మాకు చెప్పాడు. పేపరులో పడిన ఆయన ఫోటో కత్తిరించి మండీలో గోడకు, లక్ష్మీదేవి పటం పక్కనే అంటించాడు. తీసేయమంటాడేమో అనుకున్నాను కానీ మామ దాన్ని తేరిపార చూసి, "ఉండనీలే, ఒళ్ళు వంచి తినేటోడే గదా" అన్నాడు. ఆయన ఆ ఆటను గుద్దులాట అనేవాడు.

ఆ ఏడు చలికాలంలో మేమందరం తిరుపతి పోయి, అలిపిరి దగ్గర కొబ్బరికాయ కొట్టి కాలినడకన కొండెక్కాము. ఎప్పుడూ మామ ముందు, మేము వెనక. ఆ సారి గాలిగోపురం చేరకముందే ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. "మీరు పోతా ఉండండి, నా చెప్పులో రాయి ఇరుక్కున్యాది, తీసుకుని వస్తా" అన్నాడు. ఆయన కాలికి చెప్పులు లేవు. కొండెక్కేటప్పుడు మాలో ఎవరమూ చెప్పులు వేసుకోము. మా ఆయన ఆ మాటకు నవ్వలేదు. ఊరికి వచ్చాక నాతో, ఈసారి ఉత్సవంలో ముందు దండె నాయన మోయకూడదు అన్నాడు. అనడం నాతో అనగలిగాడు గానీ ఆయన ముఖం చూసి చెప్పలేకపోయాడు.

అంతలో పేపరులో వార్త వచ్చింది. ఆ చాంపియన్‌తో తలపడడానికి ఒక కుర్రవాడు సిద్ధమవుతున్నాడు. చాంపియన్ కంటే చాలా చిన్నవాడు, డబ్బుకు ఆడిన పోటీలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. నేను చదవడం అయ్యాక మా ఆయన ఉన్నట్టుండి అన్నాడు.

"నాయనా, ఒక పందెం ఏసుకుందామా. ఈ ఆటలో పెద్దాయన గెలిస్తే ముందు దండె ఈ ఏడూ నీదే. ఆ కుర్రోడు గెలిస్తే నాకియ్యి."

మామ చాప మీద లేచి కూర్చున్నాడు. "నాకూ ఆయనకూ ఏం సంబంధం రా?"

"మీ ఇద్దురూ పెద్దోళ్ళు గదా."

"సరే, మాటంటే మాటే" అన్నాడు మామ.

వంటింట్లోకి వచ్చాక మా అత్త నా చెవిలో అంది: "మీ ఆయనకు నోరు రాక, యాడో సముద్రం అవతలుండే ఆయన నెత్తిన పెట్టినాడు సూడు." నిజమే. మా ఆయన దృష్టిలో ఆ చాంపియన్‌కు ఓటమి లేదు. వద్దని చెప్పే ధైర్యం లేక, పందెం పేరుతో దండెను నాయనకే ఇంకో ఏడాది మర్యాదగా విడిచిపెట్టాననే అనుకున్నాడు.

కానీ మామ ఊరికే ఉండలేదు. ఎవరు గెలుస్తారో తాను చెబుతాననీ, అయితే ముందు అన్నీ వినాలనీ అన్నాడు. ఆ వారమంతా బెల్లం ధర కంటే ముందు ఆటల పేజీయే చదివించుకున్నాడు. ఎంత బరువుందంట, పొద్దున పరుగెత్తుతున్నాడా, ఏం తింటున్నాడు, ఇట్లా అడిగేవాడు. పేపరులో లేనివి నేను చెప్పలేకపోతే, "నీ తప్పు గాదులేమ్మా, రాసినోడికి ఏం అడగాలో తెలీలా" అనేవాడు. ఒక రోజు నేను చదివిన దాంట్లో ఒక వాక్యముంది. ఎప్పుడూ పోటీకి ముందు ఎదుటివాణ్ని ఆటపట్టిస్తూ, పాటలు కడుతూ మాట్లాడే చాంపియన్ ఈసారి విలేకరులతో మాట్లాడడమే లేదట. మామ చెయ్యెత్తి ఆపమన్నాడు.

"మళ్ళా సదువు."

మళ్ళీ చదివాను. ఆయన కొంచెంసేపు వసారా దూలం వైపు చూస్తూ పడుకున్నాడు.

"కుర్రోడే గెలుస్తాడు" అన్నాడు.

మా ఆయన తెల్లబోయాడు. "నాయనా, నువ్వు పెద్దాయన పక్క. నువ్వే ఇట్లంటే ఎట్ల?"

"పక్క వేరు, గెలుపు వేరబ్బా. మాట్లాడేటోడు మాట్లాడలేదంటే ఊపిరి దాచుకుంటాండాడని. పోయినేడు గరుడసేవలో మూడో వీధి తిరిగినాక నేను గోవింద అన్లా. నీకు తెల్సా?"

"అన్నావు గదా నాయనా. అందరం అన్యాము గదా."

"అంటిరి. నా ఎనకాల ఉండేటోడు మొదలుపెట్టినాడు, మీరందుకుంటిరి. నేను నోరు మాత్రం కదిపినా. నోరిప్పి అరిస్తే భుజం జారిపోతాదని."

మా అత్త చాటలో బియ్యం ఏరుతూ ఏరుతూ ఆపేసింది. ఆమెకు కూడా ఈ సంగతి తెలియదని ఆమె ముఖమే చెప్పింది. వీధిలో ఎవరికీ తెలియని ఆ మాటను, ఎవరూ అడగకుండానే, తన మీద తానే సాక్ష్యం చెప్పినట్టు ఆయన చెప్పేశాడు. చెప్పకుండా దాచి ఉంటే ముందు దండె ఇంకో ఏడాది ఆయన దగ్గరే ఉండేదేమో. అట్లాంటి ఇంటికి కోడలిగా వచ్చినందుకు ఆ పూట దేవుడికి మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

"పందెం వద్దులే నాయనా" అన్నాడు మా ఆయన.

"మాటంటే మాటే అన్న్యాం గదా. ఇంగ ఆయన గెలవాలని నువ్వు మొక్కుకో. ఓడతాడని నేను జెప్తాండా. సూద్దాం." అని పెద్దగా నవ్వాడు. "ఇట్లాంటి పందెం యాడన్నా ఉండాదా? నా మాట నిజమైతే నా దండె పాయె. వాడి మాట నిజమైతే వానికి దండె రాదు."

మా ఆయన నిజంగానే మొక్కుకున్నాడు. పోటీ ఆ దేశంలో బుధవారం రాత్రి. మనకంటే ఆ దేశం వెనకా ముందా అని తండ్రీ కొడుకులు వాదించుకున్నారు. మనకు ముందు చీకటి పడుతుంది కాబట్టి ముందే అయిపోతుందని మా ఆయన, కాదని మామ. చివరికి బుధవారం సాయంత్రం రేడియో పెట్టుకుని కూర్చుంటే ఏ వార్తా రాలేదు. వాయిదా పడిందేమో అనుకున్నారు. గురువారం సాయంత్రం మా ఆయన నన్ను వెంటబెట్టుకుని గుడికి పోయి, చాంపియన్ పేరు మీద అర్చన చేయించాడు.

పూజారిగారు పళ్ళెం అందుకుని, "ఎవురి పేరు మీద?" అన్నారు. మా ఆయన చాంపియన్ పేరు చెప్పాడు. ఆయన రెండుసార్లు చెప్పించుకున్నారు.

"గోత్రం?"

మా ఆయన నా వైపు చూశాడు, నాకు తెలిసినట్టు. "దూరదేశం ఆయన సామీ. గోత్రం తెలీదు."

"మీకు బంధువా?"

"బంధువు గాదు. గుద్దులాట ఆడతాడు."

పూజారిగారు గర్భగుడి వైపు ఒకసారి, మా ఆయన వైపు ఒకసారి చూశారు. "తెలీనోళ్ళకు విష్ణుగోత్రం చెప్తాం. లోకంలో ఉండే వాళ్ళంతా ఆయన బిడ్డలే గదా" అని లోపలికి పోయి, ఆ పేరును సంస్కృతం మధ్యలో ఎట్లానో ఇరికించి అర్చన చేశారు. నేను కళ్ళు మూసుకున్నాను గానీ, ఎవరు గెలవాలని అడగాలో తెలియలేదు. ఎవరు ఓడినా దెబ్బ గట్టిగా తగలనీకు స్వామీ అని మాత్రం అడిగాను.

చక్కెర పొంగలి దొన్నె పట్టుకుని ఇంటికి వస్తే, గడపలోనే మా అత్త చెప్పింది. "మీ గుద్దులాటాయన ఓడిపోయినాడంట. రేడియోలో చెప్పినాడు. పొద్దున్నే అయిపోయిందంట." మేము గుడికి బయలుదేరే ముందే, మాకు తెల్లవారిన వేళకే అక్కడ అంతా ముగిసిపోయింది. మా ఆయన దొన్నె చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

మామ ఆ దొన్నె తీసుకున్నాడు. "ఆయన పేరున వచ్చిన ప్రసాదం. అందరం తిందాం రాండి" అని అందరికీ తనే పంచాడు.

మర్నాడు పేపరు వచ్చింది. పదిహేను రౌండ్లూ ఆడారని, గెలుపు న్యాయనిర్ణేతల లెక్కలో తేలిందని, ఓడినాయన గెలిచినవాణ్ని తక్కువ చేసి మాట్లాడలేదని నేను చదివాను.

"పదిహేనూ నిలబన్యాడా? కింద పడలా?" అన్నాడు మామ.

"పడలేదు మామా."

"అయితే దించినాడమ్మా. పారేయలా." అని తల ఊపాడు. వాహనం మోసేవాళ్ళకు ఈ రెండు మాటల మధ్య చాలా దూరం. ఆ రోజంతా ఆయన ముఖంలో దిగులు లేదు. తన సొంత మనిషి ఎవరో దూరాన పెద్ద పని చేసినట్టు, మండీకి వచ్చిన వాళ్ళందరికీ ఆ పదిహేను రౌండ్ల సంగతి చెప్పాడట.

ఉత్సవాలు వచ్చాయి. మా గుడిలో కంచి పద్ధతి, గరుడసేవ పొద్దున పూటే. దండెల దగ్గర అందరూ వరసలో నిలబడ్డాక, మామ తన భుజాన వేసుకునే తుండుగుడ్డను నాలుగు మడతలు చేసి మా ఆయన భుజం మీద పెట్టి, సరిచేసి, ఎవరి వైపూ చూడకుండా ఇంటికి వచ్చేశాడు. కాళ్ళు కడుక్కుని, మాతో పాటు గడపలో నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒకసారి వెనక కట్టుకున్నాడు, ఒకసారి ముందు.

వీధి మలుపు అవతల మేళం వినిపించింది. ఆయన చెవి ఒగ్గి విన్నాడు. "గోవింద ఇనపల్లా" అన్నాడు. అంతలో మా ఆయన గొంతు లేచింది, దాని వెనక తక్కిన గొంతులు.

"ఊపిరుండాది" అన్నాడు మామ.

వాహనం మలుపు తిరిగాక, అంత ఎత్తున స్వామి వస్తుంటే మేము చేతులు జోడించాము. మామ చూపు మాత్రం కింద, మా ఆయన కాళ్ళ మీదే ఉంది. "ఎడమ కాలు తొందర పడతాండాది" అన్నాడు. "పడనీండి, నేర్సుకుంటాడు" అంది అత్త.

మా గడప ముందు వాహనం ఆగింది. నేను హారతి పళ్ళెం అత్తకు అందించాను. ఇన్నేళ్ళూ స్వామి మా ఇంటి ముందు ఆగినప్పుడల్లా మామ ముఖం వీధి వైపు, వీపు స్వామి వైపు. గుడిలో రోజూ చూసేదే గానీ, పొద్దుటి ఎండలో, గరుడుడి భుజాల మీద, పూలదండల్లో ఆ స్వామిని ఎదురుగా నిలబడి ఆయన ఎన్నడూ చూసి ఎరగడు. అప్పుడు తలెత్తాడు. తలెత్తినవాడు దించలేదు.

"ఇట్లుంటాడా" అన్నాడు మెల్లగా. "ఇన్నేండ్లు మోసినా. నాకు ఎవురూ జెప్పలేదే."

"మీరడిగితే గదా" అంది అత్త, కళ్ళు తుడుచుకుంటూ. కొబ్బరికాయ ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని పట్టుకుని అట్లాగే చూస్తూ ఉన్నాడు.

దండె కింద మా ఆయన మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. "నాయనా, బిన్న, తొందరగా కాయ కొట్టు. బరువుగా ఉండాది" అన్నాడు పళ్ళ బిగువున.

"మోయి అబ్బా, మోయి" అన్నాడు మామ, చూపు తిప్పకుండానే. "నేనింకా సూడలా."