ఆగినంక చూడాలన్న మిస్త్రీ

మిస్త్రీ సాబ్ పోయారని గత శుక్రవారం పటాన్‌చెరు నుంచి వచ్చిన బస్సు డ్రైవరు చెప్పాడు. పొద్దున నమాజుకు లేచి, కాళ్లూ చేతులూ కడుక్కుంటూ కూర్చున్నచోటే ఒరిగిపోయారట. నాకు తెలిసేసరికి మట్టి ఇవ్వడం కూడా అయిపోయింది. నేను ఆఫీసుకు వెళ్లి రోజూ చేసే పనే చేశాను.

ఆయన ఈ జిల్లాలో చాలామందికి తెలుసు. సంగారెడ్డిలో ఒక రేకుల షెడ్డు కింద లారీలు, పిండి గిర్నీల ఇంజన్లు, బావుల మీది ఆయిలింజన్లు బాగుచేసేవారు. విప్పిన ప్రతి బోల్టునూ విప్పిన వరుసలోనే ఒక పాత దుప్పటి మీద పేర్చేవారు. చాయ్ సాసరులో పోసుకుని చల్లారబెట్టి, తాగడం మరిచిపోయేవారు. ఇంజను మీద చెయ్యి వేసేముందు దాన్ని తెచ్చినవాణ్ణి కూర్చోబెట్టి, ఎప్పుడు ఆగింది, ఆగేముందు చప్పుడు ఎట్లా మారింది అని హకీము అడిగినట్టు అడిగేవారు.

నాకు ఆయనతో పరిచయం ఒక పడవ మోటారు వల్ల కలిగింది. కొన్నేళ్ల కింద నేను మంజీర ప్రవాహం కొలిచే ఓవర్సీరును. మా పడవ వెనక తగిలించే మోటారు యుద్ధానికి ముందు సీమనుంచి వచ్చింది. ఆ వానాకాలం మొదట్లో అది మొండికేసింది. బాగా నడుస్తుంది, ఒకసారి ఆపితే మళ్లీ అందుకోదు. హైదరాబాదులో చూపిస్తే పెట్రోలులో నీళ్లు కలిశాయన్నారు. పెట్రోలు మార్చినా లాభం లేకపోయింది. చివరికి దాన్ని ఎడ్లబండిలో వేసుకుని మిస్త్రీ సాబ్ దగ్గరికి తీసుకెళ్లాను.

అట్లాంటి మోటారును ఆయన అంతకుముందు చూడలేదు. ఆ సంగతి దాచలేదు కూడా. మా పెట్రోలును ఒక గాజుసీసాలో పోసి కాసేపు కదలకుండా ఉంచారు. నీళ్లుంటే అడుగున చేరాలి, చేరలేదు. తర్వాత రెండు ప్లగ్గులూ విప్పి అరచేతిలో పెట్టుకున్నారు. పైదాని మీద నల్లటి మసి ఉంది. కిందిది కడిగినట్టు తెల్లగా ఉండి, మొన మీద ఒక బొట్టు నిలిచింది.

"గీ మోటరు లోపట్నే నీళ్లు తాగుతున్నది సాబ్. యాడికెల్లి తాగుతున్నదో సూడాలె," అన్నారు.

ఇంజను వేడెక్కకుండా నది నీళ్లు దాని చుట్టూ తిరిగి వెనకనుంచి సన్నటి ధారగా బయటపడతాయి. ఆ నీళ్లు లోపల మంట ఉండే చోటికి పోకూడదు. ఇంజను మూత, అదే హెడ్డు, విప్పి చూస్తే దాని కింద నీళ్లు దిగకుండా వేసే పేకింగు ఒకచోట కాలిపోయి ఉంది. రాగిరేకుతో కొత్తది కోసి బిగించారు. నీళ్ల డ్రమ్ములో నిలబెట్టి నడిపితే మోటారు చక్కగా నడిచింది. నేను తీసుకెళ్తానన్నాను. ఒక్కరోజు ఉంచమన్నారు.

"నడుస్తున్నప్పుడు గాదు సాబ్, ఆగినంక సూడాలె. రేపు పొద్దుగాల ప్లగ్గు ఇప్పి జూస్త."

ఆ రోజే నదికి వరద మొదలైంది. కొలతలు పంపమని పైనుంచి మాటిమాటికీ కబురు వస్తోంది. నేను ఆగలేదు.

మర్నాడు నది నడుమకు పోయి కొలత కోసం మోటారు ఆపాము. మళ్లీ అందుకోలేదు. పడవలో నేను, పడవ నడిపే మనిషి ఇద్దరమే ఉన్నాము. ప్రవాహం మమ్మల్ని చాలా దూరం ఈడ్చుకుపోయి మునిగిన తుమ్మచెట్ల మీద పడేసింది. అతను ఒక కొమ్మ అందుకుని వదలకుండా పట్టుకోవడం వల్ల బతికాము. అతని భుజం మాత్రం జారిపోయింది, ఆ చెయ్యి తర్వాత పూర్తిగా పైకి లేవలేదు.

ఇంజనీరు గారు వచ్చి మిస్త్రీ సాబ్‌ను ఆఫీసు వరండాలోకి పిలిపించారు. మోటారు బాగైందని చెప్పిందెవరని అడిగారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. మిస్త్రీ సాబ్ నా వైపు ఒకసారి చూశారు.

"నేనే సాబ్," అన్నారు. "ఒక దిక్కు దొరకంగనే ఇంకో దిక్కు సూడలే."

ఈ మోటారు సరిచేసి ఇచ్చాక ఆఫీసు పనికి రానక్కర్లేదని ఇంజనీరు గారు చెప్పారు. నేను నోరు విప్పలేదు.

ఈసారి ఆయన మోటారును నాలుగు రోజులు ఉంచుకున్నారు. పొగ పోయే దారికీ నీళ్లు తిరిగే దారికీ నడుమ ఒక పలచటి రేకు ఉంది. దాన్ని విప్పి, గీకి శుభ్రం చేసి ఎండకు ఎదురుగా పట్టుకున్నారు. తుప్పు తిన్నచోట సూదిమొనంత వెలుతురు కనిపించింది. నడిచేటప్పుడు పొగ ఆ రంధ్రంలోంచి నీళ్లను లోపలికి రానిచ్చేది కాదు. ఆగాక నీళ్లు చుక్కచుక్కగా కింది సిలిండరులోకి దిగేవి. ఇత్తడి రేకు కోసి బిగించారు. మోటారు మళ్లీ ఎన్నడూ మొండికేయలేదు.

ఆయన ఒక్కరోజు ఉంచమన్నా నేనే ఆగలేదన్న నిజం చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. ఇంజనీరు గారికి బదిలీ అయిందని తెలిసిన రోజు వెళ్లి చెప్పాను. ఆయనకు ఆ సంగతే సరిగ్గా గుర్తులేదు. అదే సాయంత్రం షెడ్డుకు వెళ్లి, ఆనాడు వరండాలో నోరు విప్పకపోవడం నా తప్పేనని మిస్త్రీ సాబ్‌తో కూడా చెప్పాను. ఆయన ఏదో నట్టు తుడుస్తున్నారు.

"పడవల మీరున్నరు సాబ్, నేను లేను. గంత భయపడ్డ మనిషికి నోట్లెకెల్లి మాట యాడ వస్తది," అన్నారు. తర్వాత భుజం జారిన మనిషి ఎట్లా ఉన్నాడని అడిగారు.

ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం ఒకటుంది. ఆ రోజు వరండాలో ఉన్నవాళ్లలో కొందరు ఈనాటికీ తప్పు ఆయనదే అనుకుంటున్నారు.

ఇప్పుడు ఆయన పేరు తలిస్తే నాకు కనిపించేది, రేకు మార్చాక మోటారును నదిలో పరీక్షించిన ఉదయం. ఆయన పడవ ఎక్కడం అదే మొదటిసారి, ఈత రాదు. అందరం ముందుకు చూస్తూ కూర్చుంటే ఆయన ఒక్కరే మోటారు వైపు తిరిగి కూర్చున్నారు. ఎడమచేత్తో పడవ అంచును గట్టిగా పట్టుకున్నారు. వెనకనుంచి పడుతున్న సన్నటి ధార కింద కుడి అరచెయ్యి పట్టి, నీళ్లు ఎంత వెచ్చగా ఉన్నాయో చూస్తున్నారు. చొక్కా మోచేతిదాకా తడిసింది. గడ్డం మీద తుంపర మెరుస్తోంది. అవతలి ఒడ్డు వచ్చిందని నేను చెప్పేదాకా ఆ చెయ్యి తీయలేదు.