తిన్నింటి వాసాలు

నిరుపమకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. "నిరు మెల్లగా మాట్లాడుతోందంటే ఎవరికో మూడిందన్నమాటే" అనేది చీరాలలో వాళ్ళమ్మ. ఆ సంగతి ఆక్లాండ్ శివారు ఆల్బనీలోని ఆఫీసులో ఎనిమిదేళ్ళ పాటు ఎవరికీ తెలియలేదు. అక్కడ ఆమెకు నెమ్మదస్తురాలని పేరు.

ఆమెది మగ్గం నేసే ఇల్లు. గుంటూరులో స్టాటిస్టిక్స్ చదివి, ఇరవై నాలుగో ఏట పామర్‌స్టన్ నార్త్‌కు పై చదువుకొచ్చింది. చదువైతే అయింది కానీ ఉద్యోగానికి వెళ్ళిన ప్రతిచోటా "ఈ దేశంలో అనుభవం లేదు కదా" అన్నారు. ఆ అనుభవం సంపాదించడానికి రెండేళ్ళు ఒక ఆసుపత్రి వంటగదిలో గిన్నెలు తోమింది. ఆ తర్వాతే ఈ సర్వే కంపెనీ పిలిచి ఉద్యోగమిచ్చింది. ప్రభుత్వ శాఖలూ స్వచ్ఛంద సంస్థలూ అడిగిన విషయం మీద జనం దగ్గరికెళ్ళి వివరాలు రాబట్టి, రిపోర్టు రాసివ్వడం కంపెనీ పని. మహిధర్‌ను పెళ్ళాడింది. ఇద్దరూ హాబ్సన్‌విల్‌లో ఇల్లు కొనుక్కున్నారు. ఇక కుదురుకున్నట్టే అనుకుంది.

పోయిన చలికాలంలో, వలస వచ్చినవాళ్ళకు సాయం చేసే ఒక సంస్థ నుంచి కొత్త పని వచ్చింది. ఆక్లాండ్‌లో ఉంటున్న ఇరానియన్ల, ఆర్మేనియన్ల ఆర్థిక పరిస్థితులను పోల్చి చెప్పాలి. మేనేజర్ క్రెయిగ్ దాన్ని నిరుపమ చేతిలో పెట్టాడు.

"పక్కపక్క దేశాలవాళ్ళు. ఇక్కడా ఒకే ఊళ్ళో బతుకుతున్నారు. ఒకళ్ళు పైకొచ్చారు, ఒకళ్ళు రాలేదు. ఎందుకో కనుక్కో, అంతే" అన్నాడు.

ఒకళ్ళు పైకొచ్చారని ఎవరూ అడగకముందే ఇతనికెలా తెలిసిందని ఆమెకు అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. ఆ తప్పు తనదేనని ఇప్పటికీ ఒప్పుకుంటుంది.

ముందుగా గ్లెన్ ఈడెన్‌లో ఫరీబా ఇంటికి వెళ్ళింది. ఫరీబాకు యాభై రెండేళ్ళు. ఇరాన్‌లోని షిరాజ్‌లో పెద్దాసుపత్రిలో మత్తు డాక్టరుగా పద్దెనిమిదేళ్ళు చేసింది. ఆక్లాండ్ వచ్చి ఆరేళ్ళైంది. ఇక్కడ డాక్టరుగా చేయాలంటే ఆమె చదివిన యూనివర్సిటీ నుంచి కాగితాలు నేరుగా రావాలి. అవి వచ్చేసరికి రెండేళ్ళు పట్టింది. వచ్చాక వాటిని పరిశీలిస్తున్నామని నాలుగేళ్ళుగా చెబుతున్నారు. అక్కడ అమ్మిన ఇంటి సొమ్ము ఇరాన్ మీదున్న ఆంక్షల మూలంగా ఏ బ్యాంకు ద్వారానూ ఇక్కడికి రాదు. అందుకని ఒక రెస్ట్ హోమ్‌లో ముసలివాళ్ళకు స్నానాలు చేయించే పనిలో చేరింది.

గంటలో ముగిద్దామని వెళ్ళిన నిరుపమను ఆమె నాలుగు గంటలు కదలనివ్వలేదు. ఆకుకూరలూ ఎండు నిమ్మకాయలూ వేసి వండిన కూర పెట్టింది. గిన్నె అడుగున ఎర్రగా వేగిన అన్నం పెచ్చును పలక విరిచినట్టు విరిచి, పెద్ద ముక్క అతిథి కంచంలో వేసింది.

"మీరూ తినండి" అంది నిరుపమ.

"పెద్ద ముక్క అతిథిదే, నిరు జాన్. అదే మా ఇంట్లో చట్టం" అని నవ్వింది ఫరీబా. ఆ తర్వాతే పని గురించి చెప్పింది. "ఇది నా స్థాయి పని కాదని మొదట్లో రోజూ ఏడ్చేదాన్ని. ఇప్పుడు ఆ ముసలాళ్ళు నా చెయ్యి పట్టుకుంటే విడిపించుకోబుద్ధి కాదు. అది కూడా రాసుకో."

నిరుపమ అక్షరం పొల్లుపోకుండా రాసుకుంది.

మరుసటి వారం గ్లెన్‌ఫీల్డ్‌లో వార్తుహి గారి కార్ల గ్యారేజీకి వెళ్ళింది. వార్తుహి ఆర్మేనియన్. దగ్గర దగ్గర డెబ్భై ఏళ్ళ మనిషి. గ్యారేజీ పక్కన రెండు షాపులూ, పైన నాలుగు ఫ్లాట్లూ ఆమెవే. "ఆర్మేనియాలో ఏ ఊరండీ మీది?" అని అడిగితే ఆవిడ పకపకా నవ్వింది.

"ఆర్మేనియా నేను చూసిందెప్పుడమ్మా? మాది ఇస్ఫహాన్. మా తాతల తాతలదీ ఇస్ఫహానే. పుట్టింది ఇరాన్‌లో, ప్రార్థన చేసేది ఆర్మేనియన్‌లో, కార్ల వాళ్ళని తిట్టేది ఇంగ్లీషులో."

ఇరాన్‌లో యుద్ధం నడిచే రోజుల్లో, ఎనభై ఆరులో వచ్చిందావిడ. ఆమె మరిది అప్పటికే ఇక్కడ గ్యారేజీ నడుపుతున్నాడు. విమానం దిగిన మర్నాడే ఆమె భర్తకు పని, తలదాచుకోవడానికి గది దొరికాయి. మూడేళ్ళు తిరక్కుండానే ఇల్లు కొన్నారు. "ఆ రోజుల్లో మెకానిక్ జీతంతో ఇల్లు కొనగలిగేవాళ్ళం. ఇప్పుడు అదే జీతంతో అద్దె కట్టుకుంటే గొప్ప" అందావిడ.

వెతగ్గా వెతగ్గా దొరికిన ఆర్మేనియన్ కుటుంబాలు పద్దెనిమిది. వాటిలో పదకొండు వార్తుహిలా ఇరాన్‌లో పుట్టినవాళ్ళవే. వాళ్ళను ఏ వరసలో వెయ్యాలి? పుట్టిన దేశాన్ని బట్టి చూస్తే ఇరానియన్లు, జాతిని బట్టి చూస్తే ఆర్మేనియన్లు. నిరుపమ ఆ వరసలు పక్కనపెట్టి, ఏ ఏడాది వచ్చారు, వచ్చేసరికి ఇక్కడ అయినవాళ్ళెవరైనా ఉన్నారా, చదువుకు గుర్తింపు దొరికిందా అన్న మూడు ప్రశ్నలతో అన్ని కుటుంబాలనూ మళ్ళీ సర్దింది. తేడా అంతా అక్కడే బయటపడింది. ముందొచ్చినవాళ్ళు ఏ జాతివాళ్ళైనా నిలదొక్కుకున్నారు. ఈ పదేళ్ళలో వచ్చినవాళ్ళు, ఆర్మేనియాలోని యెరెవాన్ నుంచే వచ్చిన ఇద్దరు ఇంజినీర్లతో సహా, అద్దె కొంపల్లోనే అవస్థ పడుతున్నారు. ఇదంతా మూడో అధ్యాయంగా రాసి, క్రెయిగ్‌కు పంపి, రెండు వారాలు సెలవు మీద ఇండియా వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి రిపోర్టు అచ్చయి, ఆ సంస్థ వెబ్‌సైట్‌లో పెట్టేశారు కూడా. దాన్ని ఆమె ఇంకా తెరిచి చూడనేలేదు. సోమవారం మధ్యాహ్నం రిసెప్షన్ నుంచి పిలుపొచ్చింది. ఫరీబా నిలబడి ఉంది. రెస్ట్ హోమ్ యూనిఫారంలోనే వచ్చింది. చేతిలో ప్రింటు తీసిన కాగితాలు.

"ఇది నీ పేరేనా?" అంటూ మొదటి పేజీ చూపించింది.

"నాదే. ఏమైందండీ?"

"చదువు. ఇరవై ఒకటో పేజీ. పైకి చదువు."

నిరుపమ చదివింది. ఇరానియన్లకు హోదా మీద మమకారం ఎక్కువట. అందువల్ల చిన్న పనులతో జీవితం మొదలుపెట్టడానికి వెనకాడతారట. ఆర్మేనియన్లలో ఉన్న శ్రమించే గుణం, పొదుపు వాళ్ళలో తక్కువట. కింద సాక్ష్యంగా ఒక మాట అచ్చు వేశారు: "'ఇది నా స్థాయి పని కాదు.' - షిరాజ్‌లో మత్తు డాక్టరుగా చేసి, ఇప్పుడు పడమటి ఆక్లాండ్ రెస్ట్ హోమ్‌లో పనిచేస్తున్న మహిళ."

"పడమటి ఆక్లాండ్ రెస్ట్ హోముల్లో షిరాజ్ మత్తు డాక్టర్లు ఎంతమంది ఉంటారు?" అంది ఫరీబా. "నిన్న మా మేనేజరు పిలిచింది. 'ఈ పని నీకు తక్కువనిపిస్తే ముందే చెప్పాల్సింది' అంది. సీనియర్‌గా చేస్తామన్న మాట వెనక్కి తీసుకుంది. నువ్వు మా ఇంట్లో కూర్చుని తిన్నావు. నా చేత్తో పెట్టాను నీకు."

"అది నేను రాయలేదు, నా మాట నమ్మండి."

"మరి పేరెవరిది? ఈ పేరు చూసే కదా తలుపు తీశాను! నీలాగా ఎక్కణ్ణుంచో వచ్చిన మనిషివి కదా అని తీశాను!"

కాగితాలు బల్ల మీద విసిరికొట్టి వెళ్ళిపోయింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఏమిటో నిరుపమ చిన్నప్పటి నుంచి వింటూనే ఉంది. అది తననే అంటుకునే రోజు వస్తుందనుకోలేదు. రిపోర్టంతా అక్కడే నిలబడి చదివింది. మూడో అధ్యాయం లేదు. ఇస్ఫహాన్‌లో పుట్టిన పదకొండు కుటుంబాలనూ తెచ్చి ఆర్మేనియన్ల వరసలో కూర్చోబెట్టారు. దాంతో ఆ వరస బాగా పైకి లేచింది. యెరెవాన్ ఇంజినీర్లిద్దరూ ఎక్కడా కనబడలేదు.

క్రెయిగ్ గదిలోకి వెళ్ళి తలుపు వేసింది. చాలా మెల్లగా అడిగింది. "నా అధ్యాయం ఎవరు తీశారు?"

"నేనే. నువ్వు సెలవులో ఉన్నావు కదా. వాళ్ళడిగింది రెండు కమ్యూనిటీల పోలిక. నువ్వేమో అసలు పోలికే కుదరదని రాశావు. అలా రాస్తే డబ్బెవరిస్తారు?"

"ఆ ఇంజినీర్లేమయ్యారు?"

"వాళ్ళు మిగతావాళ్ళతో కలవలేదు. అలాంటి వాళ్ళని తీసేయడం మామూలే."

"ఆమె రెండు వాక్యాలు చెప్పింది. రెండోది ఎందుకు కోశావు?"

క్రెయిగ్ కుర్చీలో వెనక్కి వాలాడు. "నిరూ, నువ్వెందుకింత పర్సనల్‌గా తీసుకుంటున్నావు? ఇది మీ ఇండియన్ల గురించి కాదు కదా. మీవాళ్ళు బాగానే ఉన్నారు."

ఆ మాటకు ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంకొక్క క్షణం అక్కడుంటే చేతికందింది విసురుతానేమోనని బయటికొచ్చేసింది.

ఇంట్లో చెబితే మహిధర్ ముందు ఆ ఇరవై ఒకటో పేజీ తీసి చదివాడు. చివరికి, "తప్పే. కానీ ఇప్పుడు నువ్వు గొడవ చేస్తే జాబ్ పోతుంది. మార్కెట్ ఎలా ఉందో తెలుసుగా. ఆవిడకి సారీ చెప్పి, పేరు తీసెయ్యమని ఒక మెయిల్ పెట్టు, చాలు" అన్నాడు.

"నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా ఇంటికి సర్వే ఆఫీసరొచ్చాడు మహీ," అంది నిరుపమ. "నూలు ధర పెరిగి మా పేటలో సగం మగ్గాలు ఆగిపోయున్నాయి. మా అమ్మ పక్కింట్లో పాలు అడిగి తెచ్చి కాఫీ ఇచ్చింది. తాగాడు. తాగి, వీళ్ళకి పొదుపు తెలీదు, పండగలకీ పెళ్ళిళ్ళకీ తగలేస్తారని రాసుకుపోయాడు. ఆ సంగతి తెలిసి మా నాన్న వారం రోజులు వీధిలోకి రాలేదు. ఆ సర్వే మనిషిని ఎన్ని తిట్టుకున్నానో. ఇప్పుడు ఆ ఆఫీసర్ని నేనే."

మహిధర్ ఇంక వద్దనలేదు. చెయ్యమనీ అనలేదు.

పది రోజుల తర్వాత ఒక కమ్యూనిటీ హాల్లో ఆ రిపోర్టు మీద సభ పెట్టారు. ఆ సంస్థ పెద్దలు ముందు వరసలో కూర్చున్నారు. వెనక ఓ యాభై మంది ఇరానియన్లు, ఆర్మేనియన్లు. ఫరీబా చివర తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. క్రెయిగ్ మాట్లాడాక, వివరాలు చెప్పమని నిరుపమకు మైకిచ్చాడు. ఆమె అంతగా గొడవ చేస్తుందని అతను అనుకోలేదు.

"ఈ రిపోర్టు మీద నా పేరుంది. ఇందులో చెప్పింది నిజం కాదు," అందామె. తీసేసిన అధ్యాయంలో ఏముందో, ఎవరిని ఏ వరసలోకి మార్చారో, ఎవర్ని మాయం చేశారో ఒక్కొక్కటే చెప్పింది. చివర ఫరీబా వైపు తిరిగి, పేరెత్తకుండా, రెండో వాక్యం కూడా చదివింది.

క్రెయిగ్ మైకు కోసం చెయ్యి చాచాడు. "ఇది లోపల మాట్లాడుకోవాల్సిన విషయం..."

"ఆగవయ్యా!" అని ఒక గొంతు గర్జించింది. వార్తుహి లేచి నిలబడింది. "ఈ శ్రమించే గుణం ఎవరిది, నాదా? నాకు మరిదున్నాడు. చవగ్గా ఇళ్ళు దొరికే రోజుల్లో వచ్చాను. అదీ నా గొప్ప! నేను ఇస్ఫహాన్ దాన్ని. నన్ను కర్రలా పట్టుకుని మా ఊరివాళ్ళనే కొడతావా? కూర్చో!"

వెనకున్న జనం ఒక్కసారిగా లేచారు. ఫార్సీ, ఆర్మేనియన్, ఇంగ్లీషు కలిసి హాలు దద్దరిల్లింది. సంస్థ పెద్దలు సభ ముగిసిందని చెప్పి పక్క తలుపు గుండా వెళ్ళిపోయారు.

సినిమాల్లోలాగా ఆ దెబ్బతో న్యాయం జరిగిపోలేదు. రిపోర్టును పరిశీలన కోసమని వెబ్‌సైట్ నుంచి తీశారు. నాలుగు నెలల తర్వాత మళ్ళీ పెట్టారు. ఫరీబా మాట, నిరుపమ పేరు తీసేశారు. వరసలు మాత్రం అలాగే ఉన్నాయి. నిరుపమను రెండు సార్లు గదిలో కూర్చోబెట్టి, కంపెనీ పరువు గురించి పాఠం చెప్పారు. మూడోసారి పిలవకముందే ఆమె రాజీనామా చేసింది. ఐదు నెలలు ఖాళీగా ఉంది. ఇప్పుడు నగరంలోని ఒక కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతోంది, జీతం తక్కువ. మొదటి క్లాసులో పిల్లలకు ఇరవై ఒకటో పేజీ చదివి వినిపిస్తుంది.

కోపం మాత్రం తగ్గలేదు. మొన్నామధ్య హాబ్సన్‌విల్‌లో ఒక పుట్టినరోజు విందులో లక్ష్మణరావు గారు, పెద్దాయన, కంచం పట్టుకుని, "మన తెలుగువాళ్ళంటే హార్డ్ వర్కమ్మా. మిగతావాళ్ళలా ఏడుస్తూ కూర్చోం" అన్నాడు.

"మీరు ఇల్లెప్పుడు కొన్నారంకుల్?" అంది నిరుపమ మెల్లగా.

"రెండు వేల మూడులో."

"ఇప్పుడు కొనగలరా? అప్పటి జీతంతో?"

ఆయన ముఖం మాడ్చుకుని పెరుగన్నం వైపు వెళ్ళాడు. ఆ తర్వాత వాళ్ళను ఏ విందుకూ పిలవలేదు. మహిధర్‌కు అదొక బాధ.

వీటన్నిటికంటే ముందు, సభ జరిగిన వారంలోనే, ఫరీబా అసలు చెప్పిందేమిటో నిరుపమ పూర్తిగా రాసి, సంతకం పెట్టి, ఒక ఉత్తరం రెస్ట్ హోమ్ మేనేజరుకు ఇచ్చింది. దాని నకలు తీసుకుని గ్లెన్ ఈడెన్ వెళ్ళింది. ఫరీబా తలుపు తీసింది కానీ లోపలికి రమ్మనలేదు. గుమ్మంలో నిలబడే చదివింది.

"నిన్ను లోపలికి పిలవడానికి నాకింకా మనసు రావడం లేదు," అంది.

"పిలవొద్దు. నేను వచ్చింది దానికి కాదు."

ఫరీబా కాసేపు ఆమెను ఎగాదిగా చూసింది. లోపలికెళ్ళి ఒక లావుపాటి ఫైలు తెచ్చి ఆమె చేతుల్లో పడేసింది. నాలుగేళ్ళుగా డాక్టరు గుర్తింపు కోసం రాసిన ఉత్తరాలు, వచ్చిన జవాబులు.

"రాయడం నీ వృత్తి కదా. అయితే ఇది రాయి. వాళ్ళని అడుగు, ఎందుకింత కాలమని. మర్యాదగా అడక్కు, మర్యాదగా నేను అడిగీ అడిగీ అలిసిపోయాను."

నిరుపమ ఆ ఫైలుతో కారులో కూర్చుని, అక్కడికక్కడే మొదటి కాగితం తీసి తేదీలు గుర్తు పెట్టడం మొదలుపెట్టింది.