మెంతుల వాసన వేసిన సింహం

చింతగింజల జిగురు ఉడికేటప్పుడు వచ్చే వాసన ఫలానాది అని చెప్పలేను. మాడిన పప్పుకీ తడిసిన మట్టిగోడకీ నడుమ ఎక్కడో ఉంటుంది. అందులో గుప్పెడు మెంతిపిండి పడిందంటే మాత్రం ఆ వాసనకు ఒక కుదురు వస్తుంది, మనిషికి ఆకలి వస్తుంది. ఈ పొద్దున అనంతపురంలో మా వంటింట్లో ఆ జిగురు కలుపుతూ, ఇడ్లీ తినాల్సిన వేళకు కాగితం గుజ్జు పిసుకుతున్నానేమిటని నన్ను నేనే విసుక్కున్నాను. మోకాళ్ళు నొప్పి, కుడిచేతి బొటనవేలు వంగదు, డ్రాయింగు టీచరుగా రిటైరై కూడా చాలా కాలమైంది. అయినా మా నాయన పెట్టుకున్న నరసింహస్వామి మొహాన్ని ఒక్కసారి మళ్ళీ చేసి చూడాలని నాలుగేళ్ళుగా అనుకోవడం, మానుకోవడం.

మా హాలు గోడల నిండా మొహాలే. ముసుగులనీ మాస్కులనీ అందరూ అంటారు గానీ మా ఊళ్ళో వాటిని మొహాలనే అనేవాళ్ళు, నాకూ ఆ మాటే అలవాటు. దేశదేశాల పండుగల్లో, పూజల్లో, ఆటల్లో మనుషులు పెట్టుకుని దేవుళ్ళూ దయ్యాలూ జంతువులూ అయిన మొహాలు. నేనేమీ విమానాలెక్కి సంపాదించలేదు. పుట్టపర్తికి వచ్చే పరదేశీయులు తిరిగి పోయేటప్పుడు బరువు తగ్గించుకోవడానికి వదిలేసిన సామాన్లు అక్కడి పాతసామాన్ల కొట్లకు చేరేవి. ఆదివారం బస్సెక్కి పోయి, ఇత్తడి చెంబుల కింద, తీగలు తెగిన గిటార్ల వెనక వెతికేదాన్ని. ఒంటిగా ఉండేదాన్ని కాబట్టి ఇంట్లో ముఖపరిచయాలకు లోటు లేకుండా చూసుకున్నాను. ఇంతమందిలో దుమ్ము తుడిచే రోజున సాయం వచ్చేవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

ఏ మొహం నిజంగా ఆడిందో, ఏది అమ్మకానికే పుట్టిందో తెలుసుకోవాలంటే నేను ముందు వైపు చూడను. రంగు అబద్ధమాడుతుంది, కోరలు అబద్ధమాడతాయి. తిరగేసి లోపల చూడాలి. జావా మొహాలకు లోపల చిన్న తోలుపట్టీ ఉంటుంది, ఆటగాడు దాన్ని పళ్ళతో కరిచి పట్టుకుంటాడు కాబట్టి నిజంగా ఆడిందైతే పంటిగాట్లు కనబడతాయి. ఆఫ్రికా మొహాల అంచున నారకుచ్చులు కట్టే రంధ్రాలు తాడు ఒరిసి ఒరిసి నునుపుదేలి ఉంటాయి. శ్రీలంక వాళ్ళ తేలికచెక్క మొహంలో నుదురు ఆనే చోట చెమట నల్లటి మరకై కూర్చుంటుంది. చివరికి ముక్కు ఆనించి వాసన చూస్తాను. కొట్టు సాయిబు నన్ను చూసి, "ఏమక్కా, అదేమన్నా మామిడిపండా?" అని నవ్వేవాడు. ఈ విద్య నాకు పుస్తకాల్లోంచి రాలేదు. నేను మొట్టమొదట ఎరిగిన మొహాన్ని లోపలి వైపు నుంచే ఎరిగాను.

కదిరికి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి బస్సు నడిచే ఊరు మాది. ఎండాకాలం చివర, తొలకరి ముంగారు వానలకు ముందు, ఊళ్ళో ప్రతి వసారాలోనూ ఆడవాళ్ళు విత్తనానికి చెనిక్కాయలు, అదే వేరుశనగకాయలు, ఒలుస్తూ కూర్చునేవాళ్ళు. ఒలిచి ఒలిచి బొటనవేళ్ళు ఎర్రగా కందిపోయేవి, పిల్లలం మేం సాయం పేరుతో చేరి ఒకటి గంపలోకి, ఒకటి నోట్లోకి వేసేవాళ్ళం. మా అవ్వ బుగ్గన వక్కాకు పెట్టుకుని, కళ్ళు సగం మూసుకునే ఉండి, "నోట్లో యిత్తితే చెట్టు మొలచాదంటే, నీ పాటికి తినుపో" అనేది. ఇంటింటా బెల్లం పానకం, నానబెట్టిన పెసరపప్పు, ఉన్నవాళ్ళింట్లో ఓళిగలనే బొబ్బట్లు. అరుగుల మీద అచ్చనగాయలు, వీధిలో బిళ్ళంగోడు. అన్నిటికీ పైన, విత్తనం నేలలో పడేముందు ఊరు ఊరంతా కూడి చూసే ప్రహ్లాదుడి ఆట.

ఆ ఆటలో అందరూ మొహాలకు రంగు పూసుకునేవాళ్ళే. నరసింహస్వామికి ఒక్కడికే పెట్టుకునే మొహం ఉండేది. అది మా ఇంటి అటక మీద, గంపలో, నాయన పాత పంచెలో చుట్టి, గోడ వైపు తిప్పి ఉండేది. ఆట లేని దినాల్లో దాన్ని విప్పి చూడకూడదు. ఆట ముందు రెండు దినాలు నాయన పాలు తప్ప ఏమీ తాగడు, ఎవరితోనూ మాట్లాడడు. తెల్లవారుతుండగా, వెదురుతట్టలకు కాగితం అంటించిన స్తంభాన్ని చీల్చుకుని బయటికొస్తాడు. ఇద్దరు మనుషులు నడుముకు పంచె బిగించి వెనక్కి లాగిపట్టుకుంటారు. హిరణ్యకశిపుడు వేసే మా ఓబులేసు మామ, నాయనకు బావే అయినా, ఆ పంచె ముడి ఒకటికి రెండుసార్లు చూసుకునేవాడు. "ఒరే, గెట్టిగా పట్టుకోండప్పా. నాకు ముగ్గురు బిడ్లు" అనేవాడు. మొహం ఉన్నంతసేపు నాయనను ఎవరూ పేరు పెట్టి పిలవకూడదు, స్వామీ అనాలి. తీసిన తరువాత అవ్వ గ్లాసుడు పాలిచ్చి, "నాగన్నా" అని మూడుసార్లు పిలిచేది. మూడోసారికి ఆయన "ఊఁ" అనేవాడు.

అమ్మ లేని పిల్లను. ఆ మూడో పిలుపుకు నాయన పలకకపోతే ఏమవుతుందనేది ఏడాది పొడుగునా నన్ను వదలని భయం.

నాకు పదేళ్ళప్పుడు, వరసగా రెండేళ్ళు వానకు మొహం వాచి ఉన్నాం. చెరువులో నీళ్ళ బదులు మేకలు కనబడేవి. ఆట నాలుగు దినాలుందనగా, అవ్వ నిద్రపోతున్న మధ్యాహ్నం, బెల్లం కోసం అటకెక్కాను. బెల్లం కుండ పక్కనే గంప. పంచె చిరిగి ఉంది, కింద పొట్టుపొట్టుగా కాగితం. ఎలుకలు నాకంటే ముందే పని మొదలుపెట్టాయి. పంచె తీశాను. మొహం బోర్లా ఉండడంతో లోపలి వైపే కనబడింది. నుదుటి దగ్గర నల్లటి మరక, చెంపల దగ్గర నాయన గడ్డం రాసుకుని నున్నబడిన చోట్లు, ముక్కు కింద ఊపిరికి తడిసి ఆరి తడిసి ఆరిన గోధుమరంగు చార. కింది దవడ సగం లేదు.

పగిలిన మొహం పెట్టుకోకూడదు, నీళ్ళలో కలపాలి. కలపడానికి చెరువులో నీళ్ళు లేవు. కొత్తది చేయాలంటే నెలలు పడుతుంది. ఆట ఆగితే వాన రాదు, వాన రాకపోతే ఊరు ఉండదు. ఇదంతా అటక మీద కూర్చుని, నోట్లో బెల్లంతోనే, లెక్క కట్టాను. అవ్వ కాగితం గుజ్జుతో గంపలు చేస్తుంటే చూసి ఉన్నాను కాబట్టి చేసేది తెలుసు. ఆడుకోవడానికి దాచుకున్న చింతగింజలు వేయించి, దంచి, ఉడకబెట్టాను. నా లెక్కల నోటుబుక్కు చింపి నానబెట్టాను. అవ్వ గంపల్లో పురుగు పట్టకుండా మెంతిపిండి కలుపుతుంది కదా, స్వామికి మాత్రం పురుగు పట్టవచ్చా అని రెండు గుప్పిళ్ళు ఎక్కువే కలిపాను. పై వైపు ఎర్రమట్టీ పసుపూ కలిపి పూశాను. ఆ పని కూడా తడిమి చేసిందే. ఎదురుగా చూడాలంటే భయమేసి కళ్ళు మూసుకునే ఉన్నాను. తరువాత మొహాన్ని మిద్దె మీద, చిక్కిపోయిన గడ్డివామి వెనక ఎండకు పెట్టాను.

మరునాడు, అన్ని నెలల తరువాత మొదటిసారి, పడమటి దిక్కున మబ్బు లేచింది. ఊళ్ళో జనమంతా వీధిలోకి వచ్చి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. ఓబులేసు మామ తలగుడ్డ తీసి చేతుల్లో పట్టుకున్నాడు. అవ్వ నేలకు మొక్కింది. నేను కూడా మొక్కాను. "స్వామీ, ఈ రెండు దినాలు వాన వద్దు. జిగురు ఆరనీ."

మబ్బు విడిపోయింది. నా మొక్కు అంత తొందరగా ఫలించడం అదే మొదలు, అదే ఆఖరు.

జిగురు ఆరాక మొహాన్ని మళ్ళీ పంచెలో చుట్టి గంపలో పెట్టేశాను. ఆట జరిగింది. తూరుపు తెల్లబడేసరికి స్తంభం చిరిగింది, డోలు కొట్టేవాడి చేతులు కనబడనంత వేగంగా కదిలాయి, ఓబులేసు మామ ఎప్పటికంటే ముందే కిందపడి ప్రాణాలు వదిలాడు. అంతా అయ్యాక స్వామి పిల్లల వరుస వెంట తలల మీద చెయ్యి పెడుతూ నడిచాడు. నా ముందుకొచ్చి ఆగాడు. వంగాడు. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. కోరల వెనక నుంచి గొంతు ఒకటి, చాలా అలిసిపోయి, నాకొక్కదానికే వినబడేలా అంది:

"ఏమ్మే, లోపలుండేది నీ ఎక్కాలే గదా? మెంతులు యాల యేసినావే? రెండు దినాల పస్తు. కడుపు కాలిపోతాండాది."

అప్పటిదాకా ఆ మొహం వెనక నాయన ఉన్నాడా లేడా అన్నదే నా భయం. ఉన్నాడు. ఆకలితో ఉన్నాడు. ఆ పొద్దు అవ్వ మూడుసార్లు పిలవనక్కరలేకపోయింది. మొదటి పిలుపుకే "ఊఁ" అని, సంగటి ఉందా అని అడిగాడు.

ఆ ఏడు ముంగారు మొహం చాటేసింది. ఒలిచిన విత్తనాలు నేలలో పడకుండానే మా పొట్టల్లో పడ్డాయి. ఒక్కొక్క ఇంటికీ తాళాలు పడ్డాయి. ఓబులేసు మామ ముగ్గురు బిడ్డలతో బెంగళూరు పోతూ, "ఆడ మిద్దెలు కడతాండారంట. రాజ్యాలేలినోణ్ణి, మట్టి మోయలేనా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను గోడ చాటున నిలబడి వింటున్నాను. ఆ పొద్దు కదిరి బస్సు ఎందుకు నిండిందో ఊళ్ళో నాకొక్కదానికే తెలుసు. ఊరంతా వాన కావాలని మొక్కుతుంటే నేనొక్కదాన్ని వద్దన్నాను.

ఏడాది పాటు ఆ మాట లోపల దాచుకున్నాను. అన్నం సయించేది కాదు. మళ్ళీ ఎండాకాలం వచ్చి, నాయన ఆట మాట ఎత్తకపోతే, చేనులో కంపలు ఏరుతున్న ఆయన దగ్గర ఏడుస్తూ చెప్పేశాను. ఆయన కంపలు కింద పెట్టి, చేతిలో గుచ్చుకున్న ముల్లు తీసుకున్నాడు.

"నీ మొక్కుకు ఆగే వానైతే, అంతమందిమి మొక్కినప్పుడు వచ్చుండాల గదే" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు. "పగిలిన మొగమని తెలిసే పెట్టుకుంటి. తప్పంటే నాది. నువ్వు గమ్మునుండు."

నా బరువు అట్లా దించి తన నెత్తిన పెట్టుకున్నాడు. తరువాత ఆ మొహాన్ని ఆయన ఎప్పుడూ పెట్టుకోలేదు. చెరువు నిండినప్పుడు నీళ్ళలో కలుపుదామని అటక మీదనే ఉంచాడు. చెరువు నిండింది, ఆయన పోయిన చాలా ఏళ్ళకు. అప్పటికి మిద్దె కూలి, అటకా గంపా చెదలమట్టిలో కలిసిపోయాయి. నేనప్పుడు పైఊళ్ళో పిల్లలకు సింహం బొమ్మ వేయడం నేర్పిస్తున్నాను.

మెక్సికో కొండల్లో కొన్ని ఊళ్ళవాళ్ళు పులి మొహాలు పెట్టుకుని, వాన కోసం ఒకరినొకరు కొట్టుకుంటారని చదివాను. అట్లాంటి మొహం ఒకటి దొరికితే తెచ్చి, దానికి ఎదురుగా నిలబడలేక, చాలా దినాలు గోడ వైపు తిప్పి పెట్టాను. ఇన్ని దేశాల మొహాలు సేకరించడం ఎందుకని అడిగినవాళ్ళకు కళ అనీ సంస్కృతి అనీ చెప్పాను. మొహమాటం కొద్దీ చెప్పిన మాటలవి. ప్రతిదాన్నీ తిరగేసి వాసన చూసేది, లోపల ఎవరైనా ఆకలితో ఉన్నారేమోనని.

ఇప్పుడు మా ఊళ్ళో ఆట లేదు, ఆడేవాళ్ళు లేరు, విత్తనాలు సంచుల్లో వస్తాయి గనుక వసారాల్లో కందిన బొటనవేళ్ళు లేవు. నేను చేసిన ఈ మొహానికి లోపలి వైపు అచ్చంగా కుదిరింది. మరక ఎక్కడ, నునుపు ఎక్కడ అన్నది నా వేళ్ళకు గుర్తుంది. ముందు వైపే ఎన్ని కోరలో, నాలుక ఎటు వంగిందో తెలియదు. దూరం నుంచి, దీపాల వెలుగులో చూసిందే తప్ప దగ్గరగా నేను కళ్ళు తెరవలేదు. చివరికి ఎవరి పోలికా లేని సింహం ఒకటి తయారైంది. కొంచెం నా పోలికేమో. మధ్యాహ్నం మిద్దె మీద ఎండకు పెట్టి వచ్చి, నడుం వాల్చాను.

నాలుగు గంటలకు కింది వాటాలో ఉండే రంగమ్మ వాకిట్లోంచి కేకేసింది.

"టీచరక్కా, మబ్బు పట్టింది సూడు! మిద్దె మింద నీ దయ్యం మొగం తడుస్తాది!"

కిటికీలోంచి చూశాను. పడమటి దిక్కున నల్లగా లేచింది. మెట్లు ఎక్కడానికి మోకాళ్ళు సహకరించవని చెప్పవచ్చు, అదీ నిజమే.

"తడవనీలే రంగమ్మా" అన్నాను.

మొదటి చినుకులు పెద్దవిగా, దూరదూరంగా పడ్డాయి, తరువాత ఒక్కసారిగా దిగింది. కిటికీ మూయలేదు. కాసేపటికి తడిమట్టి వాసన వెంట మెంతుల వాసన కూడా మెట్ల మీదుగా కిందికి వచ్చింది. పొద్దుటి ఇడ్లీ అట్లాగే ఉంది. ఆకలేసింది, తిన్నాను.