విల్లో వాలు మీద ఎర్ర టోపీ మనిషి

ముందే చెప్పేసుకుంటే మంచిది: నేను పెంచి చెబుతాను. మా ఇంటికి మెట్లు నలభై. నా నోట్లో అవి నాలుగు వందలు. ఒకసారి నది దాటి దలా వెళ్లే పడవలో నా చెప్పు ఒకటి నీళ్లలో పడింది. మా బంధువుల్లో సగం మంది ఈ రోజుకీ నేనే నదిలో పడ్డాననీ, మొసలికి నమస్కారం పెట్టి బయటపడ్డాననీ నమ్ముతున్నారు. కాబట్టి కింద కనబడే ప్రతి అంకెనీ కాస్త తగ్గించుకుని చదవండి. ఒక్క చోట మాత్రం తగ్గించుకుంటే చాలదు, కొట్టెయ్యాలి. అది ఎక్కడో చివర్న నేనే ఒప్పుకుంటాను.

కిందటేడాది నవంబరు. యాంగోన్‌లో, అంటే పాత రంగూన్‌లో, లమ్మడా పేటలో, టోకు ఉల్లిపాయల కొట్టు మీద ఐదో అంతస్తు మా ఆఫీసు. కింద బస్తాలు దించే కేకలు, పైన హెడ్‌ఫోన్లు పెట్టుకున్న పదహారు మందిమి. అమెరికాలో ఒక మంచుకొండ రిసార్టుకి వచ్చే ఫోన్లకీ చాట్లకీ జవాబులు చెప్పడం మా పని. జనం అక్కడికి స్కీయింగ్‌కి వెళతారు. అంటే కాళ్లకి స్కీలనే రెండు పొడుగాటి బద్దలు బిగించుకుని, డబ్బిచ్చి మరీ, కొండ మీది నుంచి కిందికి జారతారు. అక్కడ తెల్లవారుజామయ్యేసరికి ఇక్కడ దీపాలు పెట్టే వేళ. నేను పుట్టిన యాభై రెండేళ్లలో చూసిన మంచంతా మా ఫ్రిజ్ పై అరలోదే. అదీ కరెంటున్న పూట.

ఆఫీసులో నా పేరు సామ్. అక్కడివాళ్ల నోరు తిరగడానికని కంపెనీ పెట్టింది. ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారని అడిగితే 'గెస్ట్ సర్వీసెస్ నుంచి' అనమన్నారు, అంతే. కొండ మీదే ఉన్నానని చెప్పమని ఎవరూ అనలేదు. అది నా సొంత కళ.

రోజూ మొదట చేసే పని స్నో రిపోర్ట్. రాత్రి ఎంత మంచు పడింది, నేల మీద మొత్తం ఎంత మందం ఉంది, ఏ వాలు తెరిచారు అన్నది రాసి వెబ్‌సైట్‌లో పెట్టాలి. మందాన్ని బేస్ డెప్త్ అంటారు. దానికి రెండు ఆధారాలు. ఒకటి స్నో స్టేక్: అంగుళాల గీతలున్న కర్ర ఒకటి కొండ మీద పాతి, ఎదురుగా కెమెరా పెడతారు. ఆ బొమ్మ మా తెర మీద కనబడుతుంది. రెండోది పెట్రోలర్. కొండ మీద జనం క్షేమం చూసే ఉద్యోగి అన్నమాట. కర్ర చూశాక ఆవిడకి ఫోన్ చేసి సరిచూసుకోవాలని రూలు. ఆవిడ పేరు కరోల్. మాటకీ మాటకీ మధ్య ఊపిరి కూడా ఖర్చు పెట్టదు. 'ఏడంగుళాలు. రాళ్లున్నాయి. గాలి.' అంతే, ఫోన్ పెట్టేస్తుంది. అలాంటి మనిషితో నాలాంటి వాడికి ఏం పొత్తు కుదురుతుంది?

ఇంకొక మాట కూడా చెప్పాలి: ఎర్లీ సీజన్ కండిషన్స్. ఆ వ్యాపారంలో ఇది చాలా మర్యాదైన మాట. పైకి తెల్లగా కనబడుతుంది గానీ కింద రాళ్లూ మొద్దులూ పొదలూ ఇంకా పూడలేదు, మీ కాళ్లు మీ ఇష్టం అని దాని అర్థం. నవంబరు రిపోర్టు ప్రతిదానిలోనూ ఈ ముక్క ఉండి తీరాలి. నాకది పాయసంలో మిరపకాయలా కనబడేది. తీసెయ్యలేక అడుగున చిన్న అక్షరాల్లో పెట్టేవాణ్ణి. పైన మాత్రం వెండి కొండలూ, వెన్న లాంటి మంచూ, కన్నెపిల్ల లాంటి ఉదయమూ.

మా సూపర్‌వైజర్ కో మిన్ ముప్పై దాటని కుర్రాడు. 'కో' అంటే అన్నగారని. వయసులో చిన్నవాడే అయినా, పదవికి గౌరవమిచ్చి అందరం అలాగే పిలుస్తాం. నన్ను మటుకు 'ఊ రాజు' అంటాడు, మనం 'బాబాయిగారూ' అన్నట్టు. ఒకరోజు తెర మీదికి వంగి చదివి, "ఊ రాజు, ఇది స్నో రిపోర్టా, పెళ్లి శుభలేఖా?" అన్నాడు.

"చదివినవాళ్లు వస్తున్నారా లేదా?" అన్నాను.

"వస్తున్నారు. అదే నా భయం."

నేను దాన్ని మెచ్చుకోలు కిందే జమ కట్టుకున్నాను.

ఆ సాయంత్రం ఏడింటికి కరెంటు పోయింది. జనరేటరు అందుకుని, తెరలు వెలిగేసరికి కర్ర బొమ్మ వచ్చింది. కొండ మీద ఇంకా చీకటే. ఒక దీపం, దాని వెలుగులో కర్ర, చుట్టూ నలుపు. అంతకు మించి ఏమీ లేదు. ముందు రోజు తొమ్మిది అంగుళాలున్న కర్ర మీద ఇప్పుడు ఇరవై రెండు! ఒక్క రాత్రిలో పదమూడు అంగుళాలు! కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. కరోల్‌కి ఫోన్ చెయ్యాలి. చేస్తే ఆవిడ మూడు ముక్కలు చెప్పి నా పండగ పాడు చేస్తుందనిపించింది. తర్వాత చేద్దాంలే అనుకున్నాను.

అప్పుడే చాట్‌లో ఒకావిడ పలకరించింది.

"నా పేరు రూత్. నేను ఇల్లిల్లూ తిరిగి ఉత్తరాలు పంచే ఉద్యోగిని. రోజంతా నడకే. రెండేళ్ల కింద మోకాలికి ఆపరేషనైంది. మంచు లోతుగా, మెత్తగా ఉంటే ఒకసారి జారి చూడమన్నాడు డాక్టరు. గట్టి నేల తగిలితే మాత్రం మోకాలు పోయినట్టే, ఉద్యోగమూ పోయినట్టే. ఈ రోజు నాకు సెలవు. విల్లో వాలు ఎలా ఉంది?"

నా శుభలేఖ కాపీ చేసి పంపాను.

"ఇది చదివాను సామ్. రిపోర్టు కాదు, నువ్వు కళ్లారా చూసింది చెప్పు. బాగాలేదంటే ఇంట్లోనే ఉంటాను. నాకేం బాధ లేదు."

ఇంతకంటే తిన్నగా ఎవరైనా ఎలా అడుగుతారు? రెండే దారులు. 'చూసి చెబుతా, ఐదు నిమిషాలు ఆగండి' అని కరోల్‌కి ఫోన్ చెయ్యొచ్చు. లేదా నేను చేసింది చెయ్యొచ్చు.

"తలకి దీపం కట్టుకుని ఇప్పుడే విల్లో మీంచి దిగి వచ్చానండీ," అని కొట్టాను. "బూట్లకి మంచు ఇంకా దులుపుకోలేదు. ఇరవై రెండు అంగుళాలు. పడితే దూదిపరుపు మీద పడ్డట్టే. కావాలంటే చూడండి, తొమ్మిదింటికి డ్యూటీ దిగగానే మళ్లీ వెళతాను. ఎర్ర టోపీ పెట్టుకుంటాను. కనబడితే చెయ్యి ఊపండి."

నా కాళ్లకి రబ్బరు చెప్పులు. నడుముకి లుంగీ. వీపు మీద చెమట.

"అయితే బయల్దేరుతున్నాను. నీకు ముందుగా చెయ్యి ఊపేది నేనే," అంది రూత్.

ఎర్లీ సీజన్ మాట ఎత్తలేదు నేను. మరిచిపోలేదు. ఎత్తలేదు. అరగంట పోయాక కరోల్‌కి ఫోన్ చేస్తే ఆవిడ ఎత్తలేదు. అప్పటికే కొండ ఎక్కేసి ఉంటుంది. ఆ తర్వాత మళ్లీ ప్రయత్నించలేదు.

మర్నాడు సాయంత్రం నేను సీట్లో కూర్చోగానే కరోలే ఫోన్ చేసింది. కో మిన్ స్పీకరు నొక్కాడు.

"సామ్ అనే మనిషి మీ వాడేనా?"

"అవునండీ, ఇక్కడే ఉన్నాడు."

"బతికే ఉన్నాడా?"

కో మిన్ నా వైపు చూశాడు. నేను ఉన్నాననే అన్నాను.

కరోల్ అంత పొడుగ్గా మాట్లాడటం నేను వినలేదు. రాత్రంతా గాలి కొట్టిందట. వాలు మీది మంచునంతా ఊడ్చుకొచ్చి కర్ర మొదట్లో పోసిందట. దాన్ని విండ్ డ్రిఫ్ట్ అంటారు. కర్ర దగ్గర ఇరవై రెండు, విల్లో మీద ఏడు. ఆ ఏడంగుళాల కింద ఒక మొద్దు. రూత్ బద్ద దానికి తగులుకుంది. అదే మోకాలు.

"మంచు మీద లాగే స్లెడ్ బండి మీద దించుతుంటే ఆవిడ ఒకటే మాట," అంది కరోల్. "'నా సంగతి తర్వాత, ముందు సామ్‌ని చూడండి. ఎర్ర టోపీ. నాకంటే ముందు దిగాడు. ఎక్కడా కనబడలేదు. నాకే ఇలా అయితే అతనేమయ్యాడో!' సీజను మొదట్లో కొత్తవాళ్లు చాలామంది చేరతారు. నాకందరూ తెలీదు. జనాన్ని పైకి చేర్చే లిఫ్టులు ఆపేదాకా ఇద్దరం చెట్ల వెంట తిరిగాం. మంచు పేరుకున్న చోటల్లా కడ్డీలతో గుచ్చి చూశాం. నా తోటి పెట్రోలరుకి చేతివేళ్లు నీలం తిరిగాయి. సామ్, నువ్వు ఎక్కడున్నావు?"

"లమ్మడాలో అండీ."

"అది ఏ వాలు?"

"వాలు కాదండీ. యాంగోన్. బర్మా."

కింద ఉల్లిపాయల వాడు బస్తాలు లెక్కపెట్టడం ఐదంతస్తుల పైకి వినబడింది.

"టోపీ ఉందా?"

"లేదండీ."

"స్కీలు?"

"లేవండీ."

"ఆవిడకి మళ్లీ ఆపరేషన్. ఇంక వీధులు తిరగలేదు, ఆఫీసులో కూచుని ఉత్తరాలు వేరుచేసే పనిలో వేస్తారట. నీ గురించి అడుగుతూనే ఉంది. నేను చెప్పను. నువ్వే చెప్పు." ఆసుపత్రి నంబరు చెప్పి పెట్టేసింది.

కో మిన్ నన్ను తిడితే బాగుండేది. తిట్టలేదు. "మీది మా నాన్న వయసు, ఊ రాజు," అని, నా కుర్చీ పక్కకి జరిపి, వంగి, విల్లో వాలు మూసేశారన్న రిపోర్టు తనే కొట్టాడు. ఒక్క వర్ణన లేదు. నాలుగు వరుసలు.

మర్నాడు పొద్దున్న అహ్లోన్ పేటలో మా ఇంట్లో టీ తాగుతూ మా ఆవిడకి చెప్పాను. చిన్నది చేసి చెబుదామనుకున్నాను. నాకు ఆ విద్య రాదు, అంతా వచ్చేసింది.

"ఏటయ్యా, ఒక్క సోట సూసి సెప్పీసినావా?" అంది. "మా అయ్య మిల్లులో ఏటి సేసీవోడు? గోడ కాడ బియ్యం కుప్ప ఎత్తుగా కనపడతాదని మూడు సోట్ల కడ్డీ గుచ్చి గానీ లెక్క సెప్పీవోడు కాదు. రాయీ రప్పా తగిల్తే అదీ సెప్పీవోడు. సదువు రాని మనిషి."

"మంచు వేరే, బియ్యం వేరే..."

"నోరు ముయ్యి. కుప్ప కుప్పే. ఆ యమ్మ కాలు ఇరిగిపోయి పడుండి, నీకేటయినాదో అని ఏడిసినాది. నువ్వేమో పంకా కింద కూకున్నావు. సిగ్గనిపించలేదేటి నీకు?"

అనిపించింది. అందుకే ఆ సాయంత్రం ఆసుపత్రికి ఫోన్ చేశాను.

"సామ్! దొరికావా!" అంది రూత్. గొంతు నీరసంగా ఉంది గానీ అందులో సంతోషం ఉంది.

నేను మొదలెట్టాను. "రూత్ గారూ, నన్ను క్షమించండి. నేను కొండ మీద లేను. ఎప్పుడూ లేను. ఎనిమిది వేల మైళ్ల దూరంలో ఉన్నాను. పుట్టి బుద్ధెరిగి మంచు చూడలేదు. మీరు కళ్లారా చూసింది చెప్పమన్నారు, నేను చీకట్లో ఒక కర్ర చూసి కథ చెప్పాను." ఆవిడ చిన్నగా నవ్వి, "మంచే చూడలేదా? అయితే ఎప్పుడైనా రా. ఇద్దరం బెంచీ మీద కూచుని చూద్దాం," అంది. నా కళ్లు తడిశాయి. తోటివాళ్లు పదిహేను మందీ హెడ్‌ఫోన్లు తీసి నిలబడ్డారు.

ఆ సంఘటన తర్వాత నా పని మారింది. ఇప్పుడు రోజూ రిపోర్టుకి ముందు కరోల్‌కి ఫోన్ చేస్తాను. మూడు చోట్ల కొలత అడుగుతాను. ఆవిడ 'ఏడు, ఆరు, ఎనిమిది. రాళ్లు.' అంటుంది. నేను అదే రాస్తాను. ఎర్లీ సీజన్ ముక్క అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాల్లో పెడతాను. ఈ వృత్తిలోకి వచ్చే కొత్తవాళ్లకి నేను చెప్పేదీ అదే: అడిగిన మనిషి మీ మాట మీద కాలు మోపుతుంది. మీకు తెలియని చోట 'తెలియదు' అనండి. అది చిన్న మాటే, నోటికి బరువైన మాట. నాకైతే ఇప్పటికీ సరిగ్గా పలకడం రాలేదు.

ఎందుకంటే, ఇక ఒప్పుకోవాలి. ఇరవై రెండంగుళాలు నిజం. ఎర్ర టోపీ అబద్ధమాడిందీ నిజం. కడ్డీలు, నీలం తిరిగిన వేళ్లు, మా ఆవిడ తిట్లు, అన్నీ నిజం. నేను కల్పించింది ఆ ఫోనులో నా క్షమాపణ, ఆ బెంచీ పిలుపు, లేచి నిలబడ్డ పదిహేను మంది. అది నేను చెప్పలేదు. చెప్పానని కరోల్‌కీ కో మిన్‌కీ మా ఆవిడకీ అబద్ధమాడాను. రూత్‌కి తెలుగు రాదు గనకే ఇక్కడ రాయగలుగుతున్నాను.

నిజంగా జరిగింది ఇది.

"సామ్! దొరికావా! దెబ్బలేం తగల్లేదు కదా? నీ కాలు ఎలా ఉంది?"

"బాగానే ఉందండీ," అన్నాను. అక్కడితో ఆగొచ్చు. ఆగలేదు. "మడమ దగ్గర కొంచెం వాచింది, అంతే."

"అయ్యో, అశ్రద్ధ చెయ్యకు. తలుపు తీస్తే బయటంతా మంచే కదా. గుప్పెడు తీసి గుడ్డలో కట్టి పెట్టుకో."

"అలాగేనండీ," అన్నాను.

"ఇప్పుడే వెళ్లు. నేను ఆగుతాను," అంది.

నేను వెళ్లి మంచు తెచ్చుకునేంత సేపు ఫోన్ పట్టుకుని కదలకుండా కూర్చున్నాను.