పౌడరు చల్లిన గది

దెయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. మా కోనసీమలో మా వీధి ఆడవాళ్ళలో ఎవరికైనా పూనకం వస్తే మా అమ్మ వేపమండలు పట్టుకుని పరిగెత్తేది. నేనేమో, "దానికి అత్తగారితో పడలేదు, నాలుగు రోజులు పని తప్పించుకుంటోంది" అనేదాన్ని. ఆ మాటకి మండ నా వీపు మీద పడేది. గల్ఫ్ వచ్చాక కూడా అంతే. ఫలానా విల్లాలో ఏదో తిరుగుతోందని తోటి పనివాళ్ళు చెప్పుకుంటుంటే, తిరిగేది మనమే కదే, తెల్లారింది మొదలు పొద్దుగూకే దాకా, అని నవ్వేదాన్ని.

అందుకే ఇది చెప్పడానికి నాకే మొహమాటంగా ఉంది. చూసింది చూసినట్టు చెబుతాను. చీకట్లో కాదు, పట్టపగలు. నేనొక్కదాన్నే కూడా కాదు, నా పక్కన ఇంకో మనిషి నిలబడి చూసింది.

నేను బహ్రెయిన్‌లో, రిఫాలో ఒక ఇంగ్లీషు మేడం ఇంట్లో పని చేస్తున్నాను. ఆవిడకి అరవై దాటాయి, ఒంటరి మనిషి. వారమంతా స్కూల్లో పాఠాలు చెబుతుంది, శుక్రవారం మధ్యాహ్నం ఇంట్లో డీజే అవుతుంది. డీజే అంటే నిమజ్జనాలకి లారీ మీద కట్టే గుండెలదిరే డబ్బాలనుకునేరు. ఈవిడవి గ్రామఫోను రికార్డులు. అరచేతి కంటే కాస్త పెద్దవి, పక్కకో పాట, మధ్యలో పెద్ద చిల్లు. ఎప్పుడో అమెరికాలో నల్లవాళ్ళు పాడి, ఎవరూ కొనక గోడౌన్లలో మూలపడిపోయిన పాటలట. వాటిని ఇంగ్లండులో ఉత్తరాదివాళ్ళు, ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రాళ్ళు, ఏరికోరి తెచ్చుకుని ఒళ్ళు మరిచి ఆడేవారట. నార్తర్న్ సోల్ అంటారు. మేడం కూడా వయసులో ఆ ఫ్యాక్టరీ పిల్లే.

ఆవిడకి ఆ రికార్డులే పిల్లాజెల్లా. ఇక్కడి ఎండకి అవి అప్పడాల్లా వంగిపోతాయని వాటి గదికి ఏడాది పొడుగునా ఏసీ ఆపదు. దుమ్ము పడకుండా తలుపుకి తాళం వేస్తుంది. తాళంచెవి ఒకటే, ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ఉంటుంది. తుడవడానికి నేను వెళ్ళినా ఆవిడే వచ్చి తీయాలి.

ఆ గదికి చెక్క నేల వేయించింది. శుక్రవారం వచ్చేవాళ్ళు జారుతూ, గిర్రున తిరుగుతూ ఆడాలి కాబట్టి నేల మీద మొహానికి రాసుకునే పౌడరు చల్లుతారు. నాకేం తెలుసు? చేరిన కొత్తల్లో డబ్బా ఒలికిపోయింది కాబోలనుకుని తడిగుడ్డ పెట్టి ఒత్తి ఒత్తి తుడిచాను. నేలంతా దోసెల పిండయింది. ఆ రోజు వచ్చిన ఒక పెద్దాయన ఆ చివర నుంచి ఈ చివరకి కూర్చునే వచ్చాడు. మేడం తిట్టలేదు, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. అప్పటి నుంచి ఆ పౌడరు చల్లే పని నాకే అప్పజెప్పింది.

ఇక మా చెల్లి సంగతి. పేరు సత్యవతి, మాకు సత్తి. నేనే దాన్ని ఈ దేశం రప్పించాను. హమద్ టౌన్‌లో ఒక ఇంట్లో పనికి కుదిరింది. చిన్నప్పుడు వేణ్ణీళ్ళ కాగు ఒలికి దాని ఎడమ పాదం కాలింది. మానేటప్పుడు చర్మం ముడుచుకుపోయి మడమ నేలకి ఆనేది కాదు. ఆ కాలు వేళ్ళ మీదే నడిచేది, కొంచెం ఈడ్చేది. ఊళ్ళో పెళ్ళి ఊరేగింపులో అందరూ ఆడుతుంటే అది అరుగు మీద కూర్చుని చూసేది.

సెలవు దొరికిన శుక్రవారం అది రిఫా వచ్చేది. ఓసారి మేడం దాని చెయ్యి పట్టుకుని నేల మీదకి లాగింది. అందరూ తోలు బూట్లతో ఆడతారు. దీని కాలికి ఏ బూటూ పట్టదు, అందుకని వట్టి కాళ్ళతో దిగింది. కుడికాలు మీద బరువంతా వేసి, ఎడమకాలి వేళ్ళతో నేలని తోస్తూ బొంగరంలా తిరిగింది. ఆ తెల్లవాళ్ళందరూ పక్కకి జరిగి చోటిచ్చారు. మా సత్తి మొహం అంత వెలుగుగా నేనెప్పుడూ చూడలేదు.

ఈ పాటల డీజేలకొక ఆచారం ఉంది. ఎంతో వెతికితే దొరికిన రికార్డు పేరు పోటీ డీజేలకి తెలియకూడదని దాని మధ్యనున్న కాగితం మీద తెల్ల కాగితం అంటించి, ఏదో కల్పించిన పేరు రాస్తారు. మేడం దగ్గర అలాంటిది ఒకటుంది. ప్రతి శుక్రవారం ఆఖరి పాట అదే. అది అయ్యేదాకా ఎవరూ గది దాటకూడదు, దాటితే ఆవిడకి కోపం. సత్తికి ఆ పాటంటే ప్రాణం. మాట ఒక్కటి అర్థం కాకపోయినా "నా పాట" అనేది.

ఎండాకాలం వచ్చాక సత్తి పనిచేసే ఇంట్లో దానికి సెలవివ్వడం మానేశారు. ఫోను కూడా ఎప్పుడో కానీ చేసేది కాదు. చివరిసారి చేసినప్పుడు గొంతు నీరసంగా ఉంది.

"నేను పడుకునే గదిలో ఏసీ పాడైందక్కా. ఊపిరాడట్లేదు. తలుపు తీసుకుని పడుకుంటానంటే ఒప్పుకోట్లేదు."

"గట్టిగా అడగవే. నోరు లేదా నీకు?"

"అడుగుతాలే. ఈ శుక్రవారం పంపుతామన్నారు. మేడంగారికి చెప్పు, నా పాట నేనొచ్చేదాకా పెట్టొద్దని. తప్పకుండా వచ్చేత్తాను."

శుక్రవారం పొద్దున్నే నేను పౌడరు చల్లాను. మామూలు కంటే కాస్త ఎక్కువే చల్లాను, అది వస్తోందని. చల్లుకుంటూ వెనక్కి నడిచి గుమ్మం దాకా వచ్చాను, ఒక్క అడుగు కూడా పడకుండా. మేడం చూసి, పెళ్ళి కేకులా ఉందని మెచ్చుకుని తాళం వేసింది. వంటింట్లోకి వెళ్తుండగా ఫోను మోగింది. సత్తి పనిచేసే ఇంటి డ్రైవరు. హిందీలో మాట్లాడాడు. మీ చెల్లి పొద్దున లేవలేదన్నాడు. "ఖలాస్, బెహన్" అన్నాడు, అయిపోయింది అక్కా అని.

ఆ తర్వాతవి నాకు ముక్కలు ముక్కలుగా గుర్తున్నాయి. ఆస్పత్రి మార్చురీలో మొహం ఒక్కటే చూపించారు. కాగితంలో గుండె ఆగిపోయిందని రాశారు. మనిషన్నాక గుండె ఆగకుండా ఎవరు పోతారు? ఎందుకు ఆగిందో చెప్పేవాడు లేడు. రాత్రి ఎవరైనా పిలిచారా, అది ఎవరినైనా పిలిచిందా, ఎవరికీ తెలియదు. డ్రైవరుకి మళ్ళీ చేస్తే నాకేం తెలియదని పెట్టేశాడు. తర్వాత ఆ నంబరే కలవలేదు. సత్తిని పెట్టిన పెట్టె విమానంలో హైదరాబాదు వెళ్ళింది, అక్కడి నుంచి ఊరికి వ్యానులో వెళ్ళింది. నా వీసా రెన్యూవల్‌లో ఉండి నేను వెంట వెళ్ళలేకపోయాను. మేడమే నన్ను కార్లో అన్ని ఆఫీసులకీ తిప్పింది. ఆ గది సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

కర్మలు జరుగుతుండగా అమ్మ ఫోను చేసింది. మా ఇళ్ళల్లో ఒక పద్ధతుంది. మనిషి పోయిన చోట పిండి చల్లి, దీపం పెట్టి, గంప బోర్లిస్తారు. మర్నాడు గంప తీసి పిండి మీద ఏ గుర్తు పడిందో చూస్తారు. పిట్ట అడుగు పడితే ఆ జీవుడు హాయిగా ఎగిరిపోయినట్టు. దూడ అడుగైనా మంచిదే. మనిషి అడుగు మాత్రం పడకూడదు. పడితే ఇంకా వెళ్ళలేదని.

"దాని పేణం పోయింది ఇక్కడ కాదు కదే" అంది అమ్మ. "నువ్వే ఆ ఇంటికెళ్ళి పిండి పొయ్యి. అది సుఖంగా పోయిందో లేదో నాకు తెలియాలి. తెలిసేదాకా నాకు ముద్ద దిగదు."

నమ్మకం లేకపోయినా వెళ్ళాను. బియ్యప్పిండి పొట్లం చేత్తో పట్టుకుని హమద్ టౌన్‌లో ఆ ఇంటి గేటు ముందు నిలబడ్డాను. లోపల నుంచి ఒకావిడ వచ్చి, నేను చెప్పేది పూర్తిగా వినకుండానే ఖలాస్, యల్లా, ఇక వెళ్ళమని గేటు వేసేసింది. ఆ పొట్లం తెచ్చి వంటింట్లో పెట్టాను. అమ్మకి చెబితే, "పోనీ దానికి బాగా ఇష్టమైన చోట పొయ్యి" అంది. సరేనన్నాను. ఏం పొయ్యకుండానే మంచి మాట ఒకటి చెప్పేద్దామని అప్పుడే అనుకున్నాను. మా అమ్మ కడుపుకి అన్నం కావాలి, నాకు అంతే.

ఆ వారమే శుక్రవారం, మధ్యాహ్నం నమాజు అయిపోయి వీధిలో కార్లు కదులుతున్నాయి. మేడం ఇక ఆ గది శుభ్రం చేద్దామంది. బ్యాగులోంచి తాళంచెవి తీసి తలుపు తెరిచి లైటు వేసింది. నేను చీపురుతో వెనకే ఉన్నాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపింది.

పౌడరు మీద అడుగులున్నాయి.

వట్టి కాళ్ళ అడుగులు. గుమ్మం నుంచి లోపలికి వెళ్ళినవి కావు. గది నడిమధ్యలో మొదలయ్యాయి. కుడి పాదం నిండుగా పడింది, మడమ నుంచి బొటనవేలి దాకా. ఎడమ వైపు వేళ్ళు మాత్రమే పడ్డాయి, వాటి వెనక ఈడ్చిన గీత. ఒక్కచోట కూడా ఎడమ మడమ పడలేదు.

ఆడిన అడుగులయితే నేను ఏడ్చేదాన్నేమో కానీ ఇంత బాధపడేదాన్ని కాదు. ఎక్కడా గుండ్రంగా తిరిగిన గుర్తు లేదు. నడిమధ్య నుంచి తిన్నగా తలుపు దగ్గరికి వచ్చాయి. తలుపు దగ్గర అడుగు మీద అడుగు, కుప్పలు కుప్పలుగా ఉన్నాయి. వేళ్ళన్నీ తలుపు వైపే. ఒక్కటి కూడా వెనక్కి తిరగలేదు. తలుపు లోపలి పక్క, సత్తి భుజాలంత ఎత్తులో, తెల్లటి అరచేతుల ముద్రలు. ఒకటి రెండు కాదు. కింద దాకా జారిన ముద్రలు కూడా ఉన్నాయి.

మా పిండి సంగతి మేడంకి నేనెప్పుడూ చెప్పలేదు. ఆవిడే ముందు అంది, "సత్తి" అని.

నాకు తోచినవన్నీ ఆలోచించాను. ఆ గదికి కిటికీ తెరుచుకోదు. తాళంచెవి ఆవిడ బ్యాగు దాటలేదు. ఏసీ గాలికి పౌడరు కదులుతుంది, నిజమే, కానీ గాలికి వేళ్ళుండవు. నా పాదం పక్కన పెట్టి చూశాను. నాది పెద్దది, నా మడమ శుభ్రంగా పడుతుంది. మేడం ఫోనులో ఫోటో తీసింది. అది ఇప్పటికీ ఉంది. చూసినవాళ్ళు మీరే తొక్కారంటారు. ఆ ఇంట్లో ఏం జరిగిందో తెలుసుకోవడానికి నా దగ్గరున్నది పౌడరు ఒక్కటే. దాన్ని ఏ పోలీసుకి చూపించను?

మేడం ఫోను పక్కన పెట్టింది. అడుగుల మీద కాలు పడకుండా గోడ వారగా నడిచి ఆ తెల్ల కాగితం రికార్డు తీసింది. ఆఖరి పాట వినకుండా ఎవరూ వెళ్ళకూడదు కదా, అంది. తలుపు బార్లా తీసి, అది మళ్ళీ పడిపోకుండా అరలో ఉన్న పౌడరు డబ్బా అడ్డం పెట్టింది. పాట పెట్టింది. ఇద్దరం బయట హాల్లో గచ్చు మీద కూర్చుని విన్నాం. ఏమీ కదల్లేదు, ఏ చప్పుడూ కాలేదు. పాట అయిపోయాక నేను పొడి చీపురుతో ఊడ్చాను. ఊడుస్తున్నంతసేపూ దాన్ని పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను, తలుపు తీసే ఉందే, వెళ్ళవే తల్లీ అని.

అమ్మకి ఫోను చేసి పిట్ట అడుగు పడిందని చెప్పాను. చిన్నదా పెద్దదా అని అడిగింది. చిన్నదేనమ్మా, పిచ్చుకంత, అన్నాను. "ఎగిరిపోయిందా నా తల్లి" అని పెద్దగా ఏడ్చింది. ఆ పూట అన్నం తిందని పక్కింటివాళ్ళు చెప్పారు.

మేడం ఆ రికార్డు మీది పాత కాగితం తీసి కొత్తది అంటించింది. దాని మీద ఇంగ్లీషులో సత్యవతి అని రాసింది. ఇప్పుడు రికార్డులు పోగుచేసేవాళ్ళు వచ్చి, సత్యవతి అనే ఈ గాయని ఎవరు, ఇంకేం పాడింది, ఎక్కడ దొరుకుతాయి అని అడుగుతుంటారు. ఆవిడ చెప్పదు.

అది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. దెయ్యమని నేననను. మా చెల్లి ఆఖరి ఘడియల్లో తలుపు కొట్టిందో లేదో, బయట ఎవరైనా విన్నారో లేదో చెప్పగలిగినవాళ్ళు ఆ గేటు లోపల ఉన్నారు, వాళ్ళు చెప్పరు. నేను చూసింది మాత్రం ఇదే.

ఆ రోజు నుంచి ఆ గదికి తాళం లేదు, తలుపు కూడా మూయం. ఎండాకాలం వేడిగాలి లోపలికి కొడుతోంది. ఏసీ చాలడం లేదు. అడుగు అరల్లో రికార్డులు కొన్ని అప్పుడే వంగాయి. శుక్రవారం వచ్చేవాళ్ళు చూసి, అయ్యయ్యో, ఇవి మళ్ళీ దొరకవు, తలుపు వేయండి అని మొత్తుకుంటారు. మేడం వాళ్ళతో ఒకటే మాట అంటుంది, వంగితే వంగనీ అని.