పేరు లేని పాట

బరాంకియాలో మా వీధివాళ్లకు ఏ పాట కావాలన్నా ఎలియేసర్ ఇంటికే వెళతారు. బస్సు నడపడం మానేశాక ఆయనకు అదే లోకం. మధ్యాహ్నం కాగానే చొక్కా విప్పి, కొరోసో పళ్ల రసం పక్కన పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. నలభై వేల పాటలు. ఒక్కోదానికీ గాయకుడి పేరు, సంవత్సరం ఒంటివేలితో కొట్టి చేరుస్తాడు. పేరు దొరకనివాటిని మొన్న ఆదివారం ఏకంగా చెరిపేశాడు.

నిన్న పక్కింటి నోయెమీ వచ్చింది. "అన్నా, మా ఆయన పాడింది నీ దగ్గర దాచమన్నాను చూడు, అది కావాలి. నా ఫోను పోయింది. రేపటికి ఆయన చనిపోయి ఏడాది, ప్రార్థనలో అందరికీ వినిపిస్తా."

వెతుకుతుండగానే ఎలియేసర్‌కు గుర్తొచ్చింది. చెవులు వేడెక్కాయి. "కంప్యూటర్ పాడై కొన్ని పోయాయమ్మా" అన్నాడు.

"అయ్యో, ఎంత కష్టపడి కూడబెట్టుకున్నావో!" అంటూ ఆమె ఆయన భుజం నిమిరింది.

ఆ ఓదార్పును ఆయన భరించలేకపోయాడు. తల దించుకుని, "పాడవలేదు. నేనే చెరిపేశాను. వినకుండానే, పాడినవాడి పేరు లేదని..." అన్నాడు.

నోయెమీ ఆయన భుజం మీంచి చెయ్యి తీసేసింది.

"గోడకవతలే ఉన్నా కదన్నా. ఒక్క కేక వేస్తే పేరు చెప్పేదాన్ని."