ఇవ్వని చెయ్యి

మా వీధిలో బట్టలు కుట్టే ఆవిడ, పరాయి దేశం పనికెళ్లే ఆడపిల్లలకి కొలతలు తీస్తూ, నోట్లో గుండుసూదులతోనే చెయ్యి చాపుతుంది. "పాస్‌పోర్టు ఇలా ఇయ్యమ్మా." ఇచ్చారో, చేతిమీద టేపుతో ఒక్కటి పడుతుంది. ఒకప్పుడు తనూ అంతే, పరాయి దేశం పనికెళ్లి, పెద్దమనిషి అడిగితే కాదంటే బాగోదని అక్కడి బట్టల ఫ్యాక్టరీ యజమానికి రెండు చేతులా అందించింది. పాస్‌పోర్టు అతని బీరువాలోకి వెళ్లింది, ఆవిడ బయటినుంచి తాళం వేసే కుట్టుగదిలోకి వెళ్లింది. చివరికి కత్తెర మొనతో కిటికీ మరలు విప్పుకుని బయటపడింది. నిన్న మేనకోడలి వంతు. "ఇయ్యవే, మేనత్తనేగా!" పిల్ల పాస్‌పోర్టుని వీపు వెనక్కి దాచేసింది. "మేనత్తవైతే ఏంటి? చూడాలంటే నా చేతిలోనే చూడు." ఆవిడ నోట్లో సూదులన్నీ తీసి పక్కన పెట్టి, వీధంతా వినపడేలా అంది: "ఇంక నువ్వెక్కడికైనా వెళ్లిరా తల్లీ!"